రాత్రివేళ చెవిలో హోరు – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

"సిస్టరుగారూ, మా ఇంటాయన పగలంతా బాగానే ఉంటాడు. పొలం వెళ్తాడు, నలుగురితో మాట్లాడతాడు. రాత్రి మంచమెక్కితే చాలు, చెవిలో గుయ్యిమంటోందని లేచి కూర్చుంటాడు. పక్కనే పడుకున్న నాకేమో ఏమీ వినపడదు." ఈ మాటలు కొద్ది తేడాతో మా ఓ.పి.లో తరచుగా వింటూ ఉంటాము. ఒకరికి అది ఈల వేసినట్లు ఉంటుంది. మరొకరికి కీచురాయి అరుపులా, ఇంకొకరికి పాకల ఒడ్డున నిలబడితే వినిపించే సముద్రపు హోరులా ఉంటుంది. వైద్యశాస్త్రంలో దీనిని టిన్నిటస్ అంటారు. ఆయుర్వేద వైద్యులు కర్ణనాదం అంటారు. మన ఇళ్ళలో చెవిలో హోరు, చెవిలో మోత అంటే అందరికీ అర్థమవుతుంది.

జ్వరమైతే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడవచ్చు. పుండైతే కంటికి కనిపిస్తుంది. ఇది మాత్రం బాధపడే మనిషి ఒక్కరికే వినిపించేది. అందువల్ల ఇంట్లో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు "ఏమీ లేదు, అంతా నీ భ్రమ" అని కొట్టిపారేస్తారు. కొందరు కంగారుపడి ఒంగోలు, నెల్లూరు, గుంటూరు అంటూ ఊరూరా తిప్పి ఉన్న డబ్బులన్నీ పరీక్షలకు ఖర్చు చేస్తారు. ఈ పాఠం రోగి కోసం కన్నా, అదే గదిలో పడుకునే భార్య, భర్త, కొడుకు, కోడలి కోసం ఎక్కువగా రాస్తున్నాము.

ఇది భ్రమ కాదు, పిచ్చీ కాదు

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో, బఠాణీ గింజంత చిన్న భాగం ఒకటి ఉంది. అందులో సుమారు 15,000 సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. బయటి శబ్దాన్ని పట్టుకొని నరం ద్వారా మెదడుకు పంపించేవి అవే. ఇవి దెబ్బతింటే మనిషిలో తిరిగి మొలవవు. అవి తగ్గినప్పుడు మెదడుకు అందవలసిన శబ్దం సరిగా అందదు. అప్పుడు మెదడు ఏం చేస్తుందంటే, మనం పాత రేడియోలో స్టేషన్ సరిగా రానప్పుడు చేసే పనే చేస్తుంది. సౌండు పెంచుతుంది. స్టేషన్ రాదు గాని బుస్సుమనే శబ్దం మాత్రం పెరుగుతుంది. చాలామంది వినే మోత ఇటువంటిదే. కాబట్టి రోగి అబద్ధం చెప్పడం లేదు. గదిలో లేని శబ్దమే అయినా, ఆయన మెదడుకు అది నిజంగానే వినిపిస్తోంది.

అయితే చెవిలో మోత వేరు, మాటలు వినిపించడం వేరు. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్లు, తిడుతున్నట్లు, ఆజ్ఞలు ఇస్తున్నట్లు వినిపిస్తే అది మానసిక వైద్యుడు చూడవలసిన జబ్బు. దానికి మంచి మందులు ఉన్నాయి. రెండింటినీ ఒకటిగా అనుకొని "గాలి సోకింది" అంటూ తిప్పవద్దు.

సంఘసంస్కర్త మార్టిన్ లూథరు గారికి కూడా ఈ బాధ ఉండేది. 1530లో జర్మనీలోని కోబర్గ్ కోటలో ఉన్న నెలల్లో తలలో హోరు వల్ల చదువుకోవడం, రాసుకోవడం కష్టమయ్యేదని స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. అది సాతాను పనేమోనని కూడా అనుకున్నాడు. లోపలి చెవి ఎలా పనిచేస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు గనుక ఆయన అలా అనుకోవడంలో వింత లేదు. మనకు ఇప్పుడు తెలుసు. సంగీత విద్వాంసుడు బీతోవెన్ కూడా చెవుల్లో రాత్రీ పగలూ మోత ఆగడం లేదని 1801లో తన డాక్టరు స్నేహితుడికి రాశాడు. ఇద్దరూ ఆ మోతతోనే ఏళ్ళ తరబడి పనిచేశారు.

ఎందుకు వస్తుంది?

వయసుతో వచ్చే వినికిడి లోపం ఒక ముఖ్య కారణం. చెవిలో గుబిలి గట్టిపడడం, చీము కారడం, దవడ కీలు నొప్పి, బి.పి., రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మలేరియాకు వాడే క్వినైన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు ఇందులోకి వస్తాయి. అనుమానం ఉంటే మందు రాసిన డాక్టరుకు వెంటనే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకు ఇచ్చిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను చెవి మోత కోసమని ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మన ప్రాంతంలో శబ్దం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. మిరపకు, పత్తికి మందు కొట్టే ఇంజన్ పంపు వీపు మీదే ఉంటుంది. ఆ ఇంజను చెవికి జానెడు, మూరెడు దూరంలో గంటల తరబడి మోగుతుంది. మందు ముక్కులోకి పోకుండా తువ్వాలు కట్టుకునేవారిని చూశాము గాని, చెవులకు ఏదైనా పెట్టుకునేవారిని చూడలేదు. చీమకుర్తి క్వారీలలో డ్రిల్లింగు చేసేవారు, గ్రానైటు కోసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు, పత్తి జిన్నింగు మిల్లుల కూలీలు, కారం మిల్లు నడిపేవారు, మరబోటు ఇంజను పక్కన కూర్చునే మత్స్యకారులు, వీరందరిదీ ఇదే పరిస్థితి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని చెబుతారు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి, అంటే 4 గంటలకు తగ్గిపోతుంది. కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి. మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి అరవవలసి వస్తోందంటే ఆ చోటు చెవికి మంచిది కాదు. మందుల షాపుల్లో దొరికే చెవి బిరడాలు తక్కువ ఖరీదే. పెళ్ళిళ్ళలో డి.జె. బాక్సుల ముందు పిల్లలను నిలబెట్టవద్దు. మన చర్చి మైకుల సంగతి కూడా ఇక్కడ చెప్పక తప్పదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు మైకులు మోగించకూడదు. ప్రభుత్వం ఏదైనా పండుగకు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆ నియమం మనకూ వర్తిస్తుంది.

రాత్రే ఎందుకు ఎక్కువ?

నిజానికి చాలామందిలో మోత రాత్రికి పెరగదు. చుట్టూ ఉన్న చప్పుడు తగ్గుతుంది. పగలు వెలిగించిన దీపం కంటికి ఆనదు. చీకటి పడ్డాక అదే దీపం ఇల్లంతా కనిపిస్తుంది. ఇదీ అంతే.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగా ఉన్న 80 మందిని, చెవి మోత అంటే ఏమిటో తెలియనివారిని, ఏ శబ్దమూ చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది తమకు ఏదో గుయ్యిమనో, ఈలలానో వినిపిస్తోందని చెప్పారు. పూర్తి నిశ్శబ్దంలో పెడితే ఆరోగ్యవంతుడికి కూడా తన చెవి వినిపిస్తుందన్న మాట. అటువంటప్పుడు చెవి దెబ్బతిన్న మనిషిని తలుపులు, కిటికీలు మూసి, "ఎవరూ చప్పుడు చేయకండి, నాయన పడుకున్నాడు" అని పిల్లలను కసిరితే ఏమవుతుందో ఆలోచించండి. ప్రేమతో చేసే పనే, కాని ఆయనకు ఆ రాత్రి నరకం అవుతుంది.

చలికాలంలో ఫ్యాన్లు ఆపేశాక ఈ బాధతో వచ్చేవారు ఎక్కువ కనిపిస్తారు. ఎండాకాలం అర్ధరాత్రి కరెంటు పోతే ఉక్కకు అందరూ లేస్తారు. చెవి మోత ఉన్న మనిషి మాత్రం ఫ్యాను చప్పుడు ఆగినందుకు లేస్తాడు.

రైలు కట్ట పక్క ఇళ్ళవారు ఎలా నిద్రపోతున్నారు?

సింగరాయకొండ స్టేషన్ చుట్టుపక్కల ఉండేవారు ఈ ప్రశ్నకు బాగా జవాబు చెప్పగలరు. మద్రాసు–విజయవాడ లైనులో రాత్రంతా ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. కిటికీ రెక్కలు అదురుతాయి. అయినా ఇంటివారు హాయిగా నిద్రపోతారు. ఆ ఇంటికి మొదటిసారి వచ్చిన చుట్టం మాత్రం ప్రతి బండికీ ఉలిక్కిపడి లేస్తాడు. "మీరు ఎలా పడుకుంటున్నారండీ ఇక్కడ?" అని పొద్దున్నే అడుగుతాడు. "ఏ రైలు?" అంటారు ఇంటివారు. రైలు చప్పుడు ఇద్దరి చెవులకూ ఒకే విధంగా చేరింది. ఇంటివారి మెదడు మాత్రం "ఇది ప్రమాదం కాదు, రోజూ ఉండేదే" అని తీర్మానించుకొని దానిని పక్కన పెట్టేసింది.

అదే ఇంట్లో గూడ్సు బండికి మేలుకోని తల్లి, ఉయ్యాలలో పసిబిడ్డ చిన్నగా మూలిగితే చటుక్కున లేస్తుంది. గూడ్సు బండి ముందు బిడ్డ మూలుగు ఎంత? కాని బిడ్డ ముఖ్యం, బండి ముఖ్యం కాదు. అంటే మనల్ని నిద్ర లేపేది శబ్దం ఒక్కటే కాదు. ఆ శబ్దానికి మెదడు ఇచ్చిన విలువ కూడా.

చెవి మోత కొత్తగా వచ్చిన మనిషి మెదడు దానిని పసిబిడ్డ ఏడుపులా చూస్తుంది. "ఇదేమిటి? నరం తెగిందా? తలలో గడ్డ ఉందా? రేపటికి చెవుడు వస్తుందా?" అని భయపడుతుంది. భయపడిన కొద్దీ చెవి పెట్టి వింటుంది, విన్న కొద్దీ మోత పెద్దదవుతుంది. నిద్ర పోతుంది, నిద్ర లేని మరునాడు మోత ఇంకా ఎక్కువగా తోస్తుంది. మోత పూర్తిగా పోయినా పోకపోయినా, దానిని బిడ్డ ఏడుపు నుండి రైలు చప్పుడుగా మార్చగలిగితే మనిషికి నిద్ర పడుతుంది. ఈ మార్పుకు కొన్ని నెలలు పట్టవచ్చు. వారానికో డాక్టరును మార్చే ఇంట్లో అది త్వరగా రాదు. ఎందుకంటే ప్రతి కొత్త డాక్టరు దగ్గర భయం మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది.

గదిలో ఏం చేయాలి?

నిశ్శబ్దాన్ని పోగొట్టండి. ఫ్యాను తిప్పండి. చలికాలమైతే టేబుల్ ఫ్యానును గోడ వైపు తిప్పి పెడితే గాలి తగలదు, చప్పుడు ఉంటుంది. వాన శబ్దం, సముద్రపు శబ్దం సెల్‌ఫోనులో దొరుకుతుంది. దానిని సన్నగా పెట్టి తలవైపు ఉంచవచ్చు. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నిద్రపోవద్దు. టి.వి. వద్దు. అందులోని మాటలు, వెలుతురు నిద్ర చెడగొడతాయి. వాక్యం, పాటలు వింటూ పడుకునే అలవాటు ఉన్నవారు వినవచ్చు గాని, అర్థం వెంట మనసు పరుగెత్తితే నిద్ర రాదు. అటువంటివారికి అర్థం లేని వాన చప్పుడే మేలు.

ఇందులో ఒక ముఖ్య విషయం ఉంది. పెట్టిన శబ్దం మోతను పూర్తిగా ముంచేసేంత పెద్దగా ఉండకూడదు. మోత, వాన రెండూ కలిసి వినపడేటంత ఉంటే చాలు. పూర్తిగా ముంచేస్తే మెదడుకు మోతతో అలవాటు పడే అవకాశమే రాదు. పైగా పెద్ద శబ్దం చెవికి చేటు. వేసవిలో ఆరుబయట, డాబా మీద పడుకునేవారికి గాలి, కొబ్బరాకుల చప్పుడు, దూరాన లారీలు అన్నీ కలిసి ఈ పని చేస్తాయి. కరెంటు పోయే ఊళ్ళలో ఛార్జి పెట్టిన ఫోను దిండు పక్కన సిద్ధంగా ఉంచండి.

ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద పొర్లుతూ ఉండనివ్వవద్దు. లేచి, మసక వెలుతురులో కూర్చొని, నిద్ర ముంచుకొచ్చినప్పుడు మళ్ళీ పడుకోమనండి. గడియారం చూడకుండా తీసి పక్కన పెట్టండి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర అక్కడే ఖర్చయిపోతుంది. పొద్దున ఎన్ని గంటలకు నిద్ర పట్టినా ఒకే వేళకు లేవాలి. నిద్ర కోసమని మందు తాగడం మొదలుపెట్టినవారిని చూశాము. తాగితే మత్తు వస్తుంది, అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది, మోత అక్కడే ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజోలం బిళ్ళలు కొనడం కూడా ఇటువంటిదే. పెద్దవయసువారు ఆ బిళ్ళ మత్తులో బాత్రూముకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఇక మాటల సంగతి. రోగి చెప్పేది నమ్ముతున్నామని ఒకసారి స్పష్టంగా చెప్పండి. "నాకు వినపడకపోయినా నీకు వినపడుతోందని నాకు తెలుసు" అన్న మాటకు ఉన్న బలం ఏ బిళ్ళకూ లేదు. ఆ తర్వాత మాత్రం పదే పదే "ఇప్పుడెలా ఉంది? మోత తగ్గిందా?" అని అడగవద్దు. మీరు అడిగిన ప్రతిసారీ ఆయన చెవి పెట్టి వెతుక్కోవాలి, వెతికితే అది దొరుకుతుంది. పొద్దున్నే పలకరించేటప్పుడు మోత గురించి కాక, పొలం గురించో మనవల గురించో మాట్లాడండి. రోజంతా పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టవద్దు. కోడలి కన్నా మామగారికి మోత ఎక్కువగా వినిపించేది, చేయడానికి పని లేని వేళలోనే.

పక్కన పడుకునేవారికీ నిద్ర కావాలి. భార్య కూడా రాత్రంతా మేలుకొని కూర్చుంటే రోగికి తప్పు చేస్తున్నానన్న బాధ అదనంగా చేరుతుంది. కొన్ని రాత్రులు వేరే గదిలో పడుకుంటే అది ప్రేమ లేకపోవడం కాదు.

చెవిలో ఏమీ పోయవద్దు

వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసర్లు, కిరసనాయిలు, ఇవన్నీ చెవిలో పోయించుకొని వచ్చినవారికి మేము చికిత్స చేస్తూనే ఉన్నాము. కర్ణభేరికి ముందే చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి పోయి చీము పట్టిస్తుంది. మోత పుట్టే చోటికి ఆ నూనె చేరదు కూడా. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, దూది పుల్లలు గుబిలిని ఇంకా లోపలికి నెడతాయి. గుబిలి వల్లే మోత వస్తుంటే డాక్టరు దగ్గర తీయించుకుంటే అదే రోజు తగ్గుతుంది.

నూనె రాసి ప్రార్థన చేయించుకోవాలనుకునేవారు తప్పక చేయించుకోండి. ఆ నూనె నుదుటి మీద రాయమని పాస్టరుగారికి చెప్పండి, చెవిలో కాదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

ఉన్నట్టుండి, గంటల్లో లేక రెండు మూడు రోజుల్లో ఒక చెవి వినపడడం మానేసి మోత మొదలైతే అది అత్యవసరం. "జలుబు చేసింది, పోతుందిలే" అని వారాలు గడపవద్దు. స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి, రెండు వారాలు దాటితే ఆశ తగ్గిపోతుంది. మోతతో పాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, నడక తూలినా పక్షవాతం అయి ఉండవచ్చు గనుక వెంటనే 108కి ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలాక మోత వచ్చినా ఆగకూడదు.

మోత ఎప్పుడూ ఒక్క చెవిలోనే ఉంటే, లేదా నాడి కొట్టుకున్నట్లు గుండెతో పాటు దబదబమంటూ ఉంటే, కంగారు లేదు గాని చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు తప్పక చూపించాలి. అటువంటివారికే స్కానింగు అవసరం రావచ్చు. రెండు చెవుల్లో ఒకేలా గుయ్యిమనే పెద్దవయసువారికి చాలా సార్లు స్కానింగు అక్కరలేదు. చెవి నుండి చీము, రక్తం, చెడు వాసన ఉన్నా, ఇల్లు తిరిగినట్లు కళ్ళు తిరిగి వాంతులవుతున్నా చూపించండి.

మరొకటి. "ఈ మోతతో బ్రతకడం కన్నా చావడం నయం" అని రోగి అంటే దానిని మాట వరసకు అన్నదిగా తీసుకోవద్దు. పురుగుమందు డబ్బాలు మన ఇళ్ళలో మంచం కిందే ఉంటాయి. ముందు వాటిని ఇంట్లో నుండి తీసేయండి, మనిషిని ఒంటరిగా వదలవద్దు, డాక్టరుకు చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. 2022 నుండి ప్రభుత్వం దీనిని నడుపుతోంది. ఆ మాట అన్నవారిని సిగ్గుపరచవద్దు. నిద్ర లేని మనిషి చేత ఆ మాట అనిపించేది అలసట.

మందులు, చెవిటి మిషన్లు

మోతను మాయం చేసే బిళ్ళ ఇంతవరకు లేదు. జింకో ఆకు బిళ్ళలు, విటమిన్లు ఖరీదు ఎక్కువ, గుణం కనపడలేదు. కళ్ళు తిరగడం లేనివారికి కేవలం మోత కోసం బీటాహిస్టిన్ వాడినా ఉపయోగం ఉన్నట్లు తేలలేదు. "మూడు నెలల్లో గ్యారంటీ" అనే ప్రకటనలకు డబ్బు పంపవద్దు.

వినికిడి తగ్గినవారికి మాత్రం చెవిటి మిషన్ మంచి సహాయం. బయటి శబ్దాలు సరిగా అందితే మెదడు ఆ రేడియో సౌండును తగ్గించుకుంటుంది. "మిషన్ పెట్టుకుంటే ముసలివాడినైపోయాను అంటారు" అని పెట్టెలో దాచేవారే ఎక్కువ. కళ్ళజోడుకు లేని సిగ్గు దీనికెందుకో మాకు అర్థం కాదు. ఆదాయం తక్కువగా ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ పథకం కింద మిషన్లు ఉచితంగా ఇస్తారు. వినికిడి పరీక్ష, చెవి డాక్టర్లు ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఉన్నారు. భయం, నిద్రలేమి బాగా ఎక్కువగా ఉన్నవారికి ఆలోచనా విధానాన్ని మార్చే మాటల చికిత్స మేలు చేస్తుందని పరిశోధనల్లో రుజువైంది. దానికోసం మానసిక వైద్యుల దగ్గరకు పంపితే నొచ్చుకోవద్దు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు రోగి వాడుతున్న బిళ్ళలన్నీ, ఆర్.ఎం.పి. ఇచ్చినవి, పసరు సీసాలతో సహా, ఒక సంచిలో వేసుకొని రండి. పాత చీటీలు, స్కాను ఫిల్ములు ఉంటే అవీ తెండి. మోత ఏ చెవిలో, ఎప్పటి నుండి, ఏ పని చేసిన తర్వాత మొదలైందో ముందుగా మాట్లాడుకొని రండి. వినికిడి తగ్గిన పెద్దవారు డాక్టరు అడిగింది సరిగా వినపడక అన్నిటికీ తల ఊపుతారు. అందుకే రాత్రిపూట అదే గదిలో పడుకునే మనిషే వెంట రావడం మంచిది.